హిజిలీ జైలు కాడ దింపాలా?

ఖరగ్‌పూర్‌లో రైలు దిగగానే నన్ను ఏడిపించింది ప్లాట్‌ఫారం. పొడవు 1072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిన్నప్పుడు జనరల్ నాలెడ్జిలో బట్టీపట్టి ఒక మార్కు కొట్టేశాను కానీ, ఆ మార్కు బరువెంతో పెట్టె ఈడ్చుకుంటూ నడిస్తే ఇప్పుడు తెలిసింది. ఆ రికార్డు తర్వాత గోరఖ్‌పూర్‌కి, అక్కణ్ణించి హుబ్బళ్లికి పోయిందిలెండి. పోతే మాత్రం, నా మోకాళ్లకు ఒరిగిందేముంది?

బయటికి రాగానే టోటోల వాళ్లు చుట్టుముట్టారు. మన బ్యాటరీ ఆటోనే అక్కడ టోటో అంటారు. ఐఐటీకి 200 అన్నాడొకాయన హిందీలో. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో బేరం మొదలుపెట్టి, మధ్యలో మా ఆవిడ వైపు తిరిగి "మన మొహాలు చూసి బకరాలనుకున్నట్టున్నాడు" అన్నాను.

"అలగనీకండి బాబూ. నూటయాభై ఇచ్చీండి, ఎక్కండి."

అచ్చం శ్రీకాకుళం యాస. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఆవిడ మాత్రం చీర కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

దారంతా అతనే మాట్లాడాడు. వాళ్ల తాత టెక్కలి వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరాడట. అప్పట్లో అది బెంగాల్ నాగపూర్ రైల్వే. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని వినడమే కానీ, స్టేషన్ బయటే నాకు బుద్ధి చెప్పేవాడు తగులుతాడనుకోలేదు. టెక్కలి చూశావా అంటే, "ఒక్కపాలి, పెళ్లికెళ్లినాం" అన్నాడు. తెలుగు మాట్లాడతాడు కానీ చదవడం రాదు. పిల్లలకు బెంగాలీ, హిందీ బాగా వచ్చు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలో చెబుతారట. నాకు విజయనగరం స్టేషన్ రోడ్డులో మా ఇంటి పక్కనుండే బెంగాలీ కుటుంబం గుర్తొచ్చింది. వాళ్ల పిల్లలూ అంతే, తల్లి బెంగాలీలో తిడితే తెలుగులో ఎదురు చెప్పేవారు.

"ఎక్కడ దింపాల బాబూ? పూరీ గేటా, జైలు కాడా?"

జైలేంటని మా ఆవిడ కంగారు పడింది. "అదేనమ్మా, హిజిలీ జైలు. మా తాత కాలేజీ అనీవోడు కాదు, సచ్చీదాకా జైలనే అన్నాడు." నాకు చూడాలని ఉన్నదీ అదే. కానీ ఐఐటీలో చదివే మా అక్క కొడుకు క్యాంపస్ పూరీ గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడని ఫోన్ మీద ఫోన్. అక్కడికే పొమ్మన్నాను.

వాడి ప్రోగ్రాం వాడికుంది. ముందు మెయిన్ బిల్డింగ్. ఇది నాకు నిజంగా నచ్చింది. నేను 31 ఏళ్లు సివిల్ డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, బిల్డింగ్ కనిపిస్తే ముందు చూరూ మెట్లూ చూస్తాను. స్విట్జర్లాండ్ ఆర్కిటెక్ట్ వెర్నర్ మోజర్ చెయ్యి పడిన కట్టడం. ఆర్భాటం లేదు, అడ్డంగా పొడుగ్గా సాగి, మధ్యలో ఒక్క టవర్ మాత్రం నిటారుగా లేస్తుంది. ముందువైపు జాతి సేవకు అంకితమని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. అందరూ ఆ అక్షరాల కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నాకేమో ఆ టవర్లో 10,000 గ్యాలన్ల ఉక్కు నీళ్ల ట్యాంకు ఉందన్న సంగతే గొప్పగా తోచింది. అందానికి కట్టినట్టు కనిపించేదాన్ని పనికీ వాడుకోవడమంటే ఇదీ. మావాడికి చెబితే "ఓహో" అన్నాడు, ఫోన్ చూసుకుంటూ. నేను పని చేసిన పాలిటెక్నిక్‌లో వానాకాలం డ్రాయింగ్ హాల్లో మూడు బకెట్లు పెట్టేవాళ్లం. నీళ్లు ఎక్కడ నిలవ చెయ్యాలో మాకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత నలంద, విక్రమశిల, తక్షశిల. అన్నీ చదువుల కాంప్లెక్సులే. "అన్నీ కూలిపోయిన యూనివర్సిటీల పేర్లే పెట్టారేంట్రా" అంటే మావాడికి కోపమొచ్చింది. క్యాంపస్ 2,100 ఎకరాలు. కుర్రాళ్లంతా సైకిళ్ల మీద మా పక్కనుంచి రివ్వున దూసుకుపోతుంటే మేము నడకే. మధ్యాహ్నానికి మా ఆవిడ చెట్టు కింద కూలబడి "ఇంక ఒక్క బిల్డింగ్ కూడా చూడను" అని తేల్చేసింది. ఆ తర్వాత చూసినవేవీ నాకూ సరిగ్గా గుర్తులేవు.

జైలు దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. తప్పు నాదే, పొద్దున్నే అక్కడ దిగాల్సింది. ఇప్పుడది హిజిలీ షహీద్ భవన్, లోపల నెహ్రూ పేరుతో సైన్స్ మ్యూజియం. విచారణ లేకుండా పట్టుకొచ్చిన వాళ్లను 1930 నుంచి ఇక్కడే ఉంచారు. 1931 సెప్టెంబర్ 16న నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆ శవాలను తీసుకెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ వచ్చాడు. మెయిన్ బిల్డింగ్‌లో పొద్దున మేం చూసిన ఆడిటోరియానికి నేతాజీ పేరే. వారాంతాల్లో రాత్రిళ్లు అక్కడ సినిమాలు వేస్తారని మాత్రమే మావాడు చెప్పాడు.

1951లో ఐఐటీ మొదలైందీ ఈ జైలు భవనంలోనే, 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులతో. "మా హాస్టల్ మెస్సులో ఒక్కపూట లైనే అంతుంటుంది మావయ్యా" అన్నాడు మావాడు. అన్నాక ఎందుకో ఫోన్ జేబులో పెట్టేశాడు. కిటికీ దగ్గర గోడ మందం జానతో కొలిచాను. రెండు జానల పైనే. ఎండకు కాగిన ఇటుక, అరచేతికి ఇంకా వెచ్చగా తగులుతోంది. నా పక్కన వాడు కూడా చెయ్యి పెట్టి కొలిచాడు. వాడి జాన నాకంటే పెద్దది.

తిరిగి స్టేషన్‌కి ఆ టోటో అతన్నే పిలిచాను. ఈసారి బేరం లేదు.

"జైలు సూసినారా బాబూ?"

"చూశాం. నువ్వెప్పుడైనా లోపలికెళ్లావా?"

"నానెందుకెల్తాను! కుర్రోళ్లు సదువుకోడానికి పరీచ్చ రాసి మరీ జైలుకొస్తన్నారని మా తాత ఒకటే నవ్వీవోడు."

దిగాక నూటయాభై ఇచ్చాను. అతను లెక్క చూసుకుని యాభై వెనక్కిచ్చాడు. "పొద్దున యాభై ఎక్కువ సెప్పీసినాను బాబూ, ఏటనుకోకండి" అన్నాడు.