తోమా మాటను ప్రభువు దిద్దలేదు

యేసు దేవుడా అన్న చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి యోహాను సువార్త మొదటి వచనం దగ్గరికే వచ్చి ఆగుతుంది. ‘వాక్యము దేవుడై యుండెను’ (వాక్యమంటే ఇక్కడ యేసే) అని మనం చదువుకునే చోట, 1950లో యెహోవాసాక్షులు వెలువరించిన నూతనలోక అనువాదం ‘వాక్యం ఒక దేవుడు’ అని చెప్పింది. గ్రీకు మూలంలో అక్కడ ‘దేవుడు’ అన్న పదానికి ముందు ఆర్టికల్ (ఇంగ్లీషులో ‘the’ లాంటి మాట) లేదన్నది వాళ్ల వాదన. ఆర్టికల్ లేదన్నది నిజమే. అయితే అదే అధ్యాయంలో 6, 12, 13 వచనాల్లోనూ ఆర్టికల్ లేదు, అక్కడ మాత్రం ‘ఒక దేవుడు’ అని వాళ్లూ రాయలేదు.

మనవాళ్లు కూడా ఒకటి మానుకోవాలి. త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకానికి, రుజువుగా కొందరు 1 యోహాను 5:7ను కింగ్ జేమ్స్ అనువాదం నుంచి ఎత్తి చూపిస్తుంటారు. పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించిన ఆ మాటలు పాత గ్రీకు రాతప్రతుల్లో లేవు. పండితుడు ఎరాస్మస్ అచ్చువేసిన గ్రీకు నిబంధనలో 1516లో లేవు, 1519లో లేవు, 1522లో చేరాయి. ప్రభువు దైవత్వాన్ని నిలబెట్టడానికి అలాంటి ఆసరా అక్కర్లేదు.

యోహాను సువార్త 20వ అధ్యాయానికి రండి. యేసు మృతుల్లోనుంచి లేచిన తర్వాతి సంగతి. తలుపులు మూసి ఉన్నాయి. మేకుల గురుతులో వేలు పెడితేనే గాని నమ్మనని పంతం పట్టిన శిష్యుడు తోమా ఈసారి అందరితోపాటు ఉన్నాడు. యేసు వచ్చి తిన్నగా అతనితోనే, ‘నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము’ అన్నాడు. తోమా వేలు పెట్టాడని యోహాను ఎక్కడా రాయలేదు, గమనించారా? అతని నోట వచ్చింది ఒకే మాట: ‘నా ప్రభువా, నా దేవా!’

అది ఆశ్చర్యంతో అన్న మాటేనని కొందరంటారు. కానీ తోమా ‘ఆయనతో’ అన్నాడని లేఖనం స్పష్టంగా చెబుతోంది. పైగా దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞ కింద పెరిగిన యూదుడతను. 35వ కీర్తనలో దావీదు ‘నా దేవా, నా ప్రభువా’ అని యెహోవాకు మొరపెట్టాడు. అదే పిలుపును తోమా గాయాలున్న ఒక మనిషి ఎదుట నిలబడి పలికాడు.

అలా పిలిస్తే దేవుని సేవకుడెవరైనా ఏం చేయాలి? కొర్నేలి కాళ్లమీద పడితే పేతురు ఒప్పుకోలేదు. ‘నీవు లేచి నిలువుము, నేనుకూడ నరుడనే’ అన్నాడు. లుస్త్ర ఊళ్లో జనం బర్నబాను ద్యుపతి (గ్రీకుల దేవుడు జ్యూస్) అన్నప్పుడు అతనూ పౌలూ బట్టలు చింపుకొని గుంపులోకి దూకారు. ప్రకటన గ్రంథంలో దేవదూత సైతం ‘వద్దుసుమీ’ అని యోహానును వారించాడు. యేసు మాత్రం వారించలేదు. తోమా మాటను దిద్దలేదు. ‘నీవు నన్ను చూచి నమ్మితివి’ అని, అతను పలికినదాన్నే విశ్వాసంగా స్వీకరించాడు. నా మటుకు నాకు, వ్యాకరణం మీద సాగే వాదనలన్నిటికన్నా ఇదే బలమైన సాక్ష్యం.

ఇంత చెప్పాక, అదే అధ్యాయం 17వ వచనాన్ని దాటేసి వెళ్లకూడదు. మగ్దలేనే మరియతో ప్రభువు ‘నా దేవుడును మీ దేవుడునైన వానియొద్దకు’ వెళుతున్నానన్నాడు. దేవుడైతే ఆయనకు మళ్లీ దేవుడేమిటి? న్యాయమైన ప్రశ్నే. 325లో నైసియాలో సంఘ పెద్దలు సమావేశమైంది కూడా కుమారుడు ఎవరన్న ఈ వివాదం మీదే. నేను చదువుకున్న మేరకు, శరీరధారి అయిన వాక్యం నిజంగా మనిషైంది. మనిషిగా తండ్రిని ‘నా దేవుడు’ అని పిలవడం ఆయన తగ్గింపులో భాగమే, అది నటన కాదు. అందుకే నన్నడిగినవాళ్లకు ముందు 17వ వచనం తీసి చూపిస్తాను, ఆ తర్వాతే తోమా మాట ఉన్న 28 చదవమంటాను. రెండూ రాసింది యోహానే, రెండిటి మధ్యా ఉన్నది పదకొండు వచనాల దూరమే. ఆయన దేన్నీ దాచకుండా పక్కపక్కనే పెట్టినప్పుడు, ఏదో ఒకటి దాచి వాదనలో గెలవాల్సిన అవసరం మనకెందుకు?