గ్రాంట్ దరఖాస్తులో బస్ పాస్‌ల లైను

ప్రపంచంలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ 1914లో అమెరికాలోని మా క్లీవ్‌లాండ్‌లోనే పుట్టింది. ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకర్ పెట్టారు. ఊళ్లోవాళ్లు ఇచ్చిన డబ్బు ఆ ఊరి అవసరాలకే.

మా పిల్లల ట్యూషన్ సంస్థ కోసం నేను మొదటిసారి ఒక ఫౌండేషన్‌కు రాసిన దరఖాస్తు నిండా "భవిష్యత్తు మారుస్తాం" లాంటి మాటలే. తిరస్కరించారు. చాలా బాధేసింది. మర్నాడు అక్కడ దరఖాస్తులు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే ఆవిడ ఓపిగ్గా చెప్పారు: "ఎంతమంది పిల్లలు, వారానికి ఎన్ని గంటలు, ఎవరు నేర్పుతారు, అది రాయండి."

ఈసారి బడ్జెట్‌లో బస్ పాస్‌లకు విడిగా ఒక లైను పెట్టాను. మంచు రోజుల్లో పిల్లలు మానేసేది బస్సు డబ్బుల్లేకే.

501(సి)(3) లేఖ (లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు గుర్తింపునిచ్చే ప్రభుత్వ లేఖ), ఫారం 990 (అలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే లెక్కల పత్రం), బోర్డు సభ్యుల జాబితా ముందే సిద్ధంగా ఉంచుకోండి. గుర్తింపు ఇంకా రాకపోతే, అది ఉన్న సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా, అంటే మీ తరఫున గ్రాంట్ డబ్బు తీసుకుని లెక్కలు చూసే సంస్థగా, ఉండమని అడగొచ్చు.