మిషనరీ అక్కడ, పని ఇక్కడ

కష్టకాలం వచ్చిందంటే సంఘం బడ్జెట్లో ముందు కత్తెర పడేది మిషన్ ఫండ్ మీదే, అంటే బయట సేవ చేసే మిషనరీల కోసం తీసి పెట్టే డబ్బు మీదే. కావాలని ఎవరూ చెయ్యరు లెండి. కరెంటు బిల్లు కట్టకపోతే లైన్‌మ్యాన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు, పాస్టర్ గారి జీతం ఆపితే ఆదివారం ఆయన మొహం ఎదురుగా చూడాలి, కానీ సముద్రం అవతల ఉన్న కుటుంబానికి రెండు నెలలు డబ్బు వెళ్ళకపోయినా మనకేం కనపడదు, వాళ్ళు ఫోన్ చేసి అడగరు కూడా, అడిగితే విశ్వాసం తక్కువ అనుకుంటారేమో అని వాళ్ళ భయం వాళ్ళది.

మాది ఒంగోలు వైపు ఒక బాప్టిస్టు సంఘం, పెద్దదేం కాదు. మా సంఘంలో పెరిగిన ఒక అన్న, వదిన ఆఫ్రికాలో ఒక దేశంలో సేవ చేస్తున్నారు. ఏ దేశమో రాయను, ఎందుకో కింద చెప్తా. 2020 మార్చిలో కరోనాకి గుడి తలుపులు మూసినప్పటి నుంచి మిషన్ కమిటీలో ఉండి నేను చూసిందాన్ని బట్టి నాకు గట్టిగా అనిపించేది ఒకటే, విదేశంలో ఉన్న మిషనరీకి మనం చెయ్యగలిగిన సాయంలో ముప్పాతిక భాగం ఇక్కడ, మన ఊళ్ళో చెయ్యాల్సిన పనే. మనమేమో దాన్ని వదిలేసి "ప్రార్థిస్తున్నాం బ్రదర్" అని మెసేజ్ పెట్టేసి ఊరుకుంటాం.

అసలు మనకి మిషనరీ అనగానే తెల్ల దొర గుర్తొస్తాడు, ఒంగోల్లో అయితే మరీను, ఒంగోల్లో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గారు, 1876-78 కరువు, బకింగ్‌హాం కాలువ కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇప్పించటం, సండే స్కూల్ పిల్లల్ని అడిగినా చెప్తారు. కానీ మన తెలుగు సంఘాలు కూడా బయటికి మిషనరీని పంపాయన్న సంగతి చాలామందికి తెలీదు. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు కుటుంబంతో సహా దక్షిణాఫ్రికా నేటాల్ వెళ్ళారు, పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సొసైటీ, ఆయన వెళ్ళింది అక్కడ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా చేరిన మన వాళ్ళ మధ్యకి. కేర్స్‌నీ అనే ఎస్టేట్ దగ్గర తెలుగు సంఘం మొదలైంది. ఆయన 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అక్కడే చనిపోయారు. విమానాలు లేవు, ఇంట్లో ఫోను లేదు, ఓడలో ఉత్తరం పోవాలి, జవాబు ఓడలో రావాలి. అలాంటి రోజుల్లో పేద తెలుగు సంఘాలు ఆ పని తలకెత్తుకున్నాయంటే, ఫోన్లో పది సెకన్లలో డబ్బు కొట్టే మనం "పరిస్థితులు బాలేవు" అనడం నాకైతే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఆ యుద్ధంలోనే ఇంకో సంగతి జరిగింది, ఇది మన సాలూరు, పార్వతీపురం, అటు ఒడిశా జయపురం వైపు కథ. అక్కడ పని చేసేది జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు. 1914లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వానికి వాళ్ళు శత్రుదేశం మనుషులైపోయారు, క్యాంపుల్లో పెట్టారు, తర్వాత దేశం నుంచి పంపేశారు. జర్మనీ నుంచి పైసా రాదు. అప్పుడు రాజమండ్రిలో ఉన్న అమెరికన్ లూథరన్లు ఆ పని చూసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే ఇంకా పెద్ద స్థాయిలో జరిగింది, 1940లో జర్మనీ నార్వేని, డెన్మార్క్‌ని ఆక్రమించేసరికి అక్కడి సంఘాలు పంపిన మిషనరీలు ప్రపంచమంతా చేతిలో డబ్బు లేకుండా ఉండిపోయారు, వాళ్ళకోసం ఇంటర్నేషనల్ మిషనరీ కౌన్సిల్ అనే, చాలా దేశాల ప్రొటెస్టెంట్ మిషన్ల ఉమ్మడి సంస్థ "ఆర్ఫన్డ్ మిషన్స్" అని ఒక నిధి నడిపింది, అంటే అనాథలైన మిషన్లు అన్నమాట, ఎవరి శాఖ ఏది అని చూడకుండా వేరే దేశాల సంఘాలు డబ్బు వేశాయి.

మాకు 2020లో పనికొచ్చింది ఈ పాఠమే. ఏప్రిల్ నెల డబ్బు మేము టైంకి పంపలేకపోయాం. కానుకల పెట్టె లేదు కదా, ఆన్‌లైన్ కానుకలంటే మా సంఘానికి చెందిన పల్లెల్లో ముసలమ్మలకి ఫోన్‌పే ఎక్కడిది. అప్పుడు కమిటీలో ఒక అక్క అంది, వాళ్ళున్న సిటీలో తెలుగువాళ్ళు ఎవరూ లేరా అని. వెతికితే మందుల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్లో పనిచేసే తెలుగు కుటుంబాల ఫెలోషిప్ ఒకటి దొరికింది, పెంతెకొస్తు వాళ్ళు, మా శాఖ కాదు. ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. మర్నాడే బియ్యం, నూనె, వదినకి థైరాయిడ్ మాత్రలు వాళ్ళ గేటు దగ్గర పెట్టి వెళ్ళారంట. ఆ మాత్రల గురించి వదిన మాకు ఒక్క ముక్క చెప్పలేదు, ఆ ఫెలోషిప్ అమ్మాయి అడిగింది కాబట్టి తెలిసింది. మేము అన్నాళ్ళూ "క్షేమమేనా" అని అడిగేవాళ్ళం, వాళ్ళు "దేవుని కృప" అనేవాళ్ళు, అంతే. "ఏ మాత్రలు వాడుతున్నారు, ఎన్ని రోజులకి ఉన్నాయి" అని అడిగితేనే జవాబు వస్తది. పౌలు గారు కూడా తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో త్రోయ ఊళ్ళో కర్పు అనే ఆయన దగ్గర వదిలేసిన అంగీ తెమ్మని అడిగాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత పెద్ద అపొస్తలుడికే కప్పుకోడానికి ఒకటి కావాల్సొచ్చింది.

ఇక డబ్బు లెక్క, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. చాలా సంఘాలు నెలకి ఇంత రూపాయలు అని పెట్టుకుంటాయి. 2020 జనవరిలో డాలర్ 71 రూపాయల దగ్గర ఉంది, ఏప్రిల్‌కి 76 దాటింది. నెలకి 30,000 పంపే సంఘం ఒక్క రూపాయి తగ్గించకపోయినా అక్కడ చేరేది సుమారు 420 డాలర్ల నుంచి 390కి పడిపోయింది. మా వాళ్ళ ఇంటి ఓనరు అద్దె డాలర్లలోనే తీసుకుంటాడు. మా ట్రెజరర్ గారు "మనం తగ్గించలేదు కదండీ" అంటారు, నిజమే, మనం తగ్గించలేదు, అక్కడ తగ్గింది. అందుకే అద్దె వరకైనా డాలర్లలో మాట ఇవ్వాలి, మిగతాది రూపాయల్లో ఉన్నా పర్లేదు.

పంపే దారి కూడా ముందే తెలిసుండాలి. మన వాళ్ళలో సగం మందికి ఎఫ్‌సీఆర్‌ఏ అంటే బయటికి డబ్బు పంపే చట్టం అనే ఉంది, కాదు, అది విదేశాల నుంచి మనకి వచ్చే డబ్బు గురించి. బయటికి పంపాలంటే రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ స్కీమ్ ఉంది, అది వ్యక్తులకే, ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా, అంత మన దగ్గర లేదనుకోండి. సంఘం ట్రస్టు పేరు మీద ఆ స్కీమ్‌లో పంపడానికి లేదు, పైగా ట్రస్టు ఆదాయం దేశం బయట ఖర్చు పెడితే ఇన్‌కంటాక్స్ మినహాయింపుకి ఇబ్బంది వస్తుంది, కాబట్టి ముందు ఆడిటర్‌తో మాట్లాడుకోండి. మా దగ్గర కొందరు సభ్యులు ఎవరి ఖాతా నుంచి వాళ్ళు, ఎవరి పాన్ మీద వాళ్ళు, బయటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో ఇచ్చే ఫామ్ ఏ2 నింపి పంపుతారు. ఆ ఫామ్ నింపడం తెలిసినాయన ఒక్కడే ఉండేవాడు మాకు, ఆయనకే కరోనా వచ్చి పడుకున్నాడు, బ్రాంచి మధ్యాహ్నానికే మూసేసేవాళ్ళు, ఇక చూస్కోండి. ఇప్పుడు ముగ్గురికి నేర్పించాం.

డబ్బు ఎక్కడిది అంటారా. మా స్త్రీల సమాజం పిడికెడు బియ్యం ఆపలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి సంఘానికి ఇవ్వడం, మనందరికీ తెలిసిందే, మిజోరాంలో ప్రెస్బిటేరియన్ సంఘం వాళ్ళు 1910 నుంచి ఇలా బియ్యం పోగేసే పెద్ద మిషన్ పనిని పోషిస్తున్నారు. మా గుడి గేటు దగ్గర ఖాళీ పెయింట్ బకెట్ ఒకటి పెట్టాం, మాస్కులు కట్టుకుని వచ్చి పొట్లాలు విప్పి పోసి వెళ్ళేవాళ్ళు, మసూరి, రేషన్ బియ్యం, బాస్మతి అన్నీ కలిసిపోయి వండితే సగం ఉడికి సగం ఉడకనట్టు ఉండేవి, అయినా అడ్వాన్సుగా డబ్బిచ్చి కొనుక్కున్న వాళ్ళు ఉన్నారు మా దాంట్లో. కరోనా టైంలో పనులు లేక పస్తులున్న ఇళ్ళకి కొంత ఇచ్చేసి మిగతాది అమ్మాం. ఇక్కడ ఆకలితో ఉంటే అక్కడికెందుకు అని అడిగినోళ్ళూ ఉన్నారు, అన్యాయమైన ప్రశ్నేం కాదు అది, అందుకే రెండిటికీ ఒకే బకెట్ పెట్టాం.

ఇప్పుడు అసలు విషయం. మిషనరీకి అక్కడ రాత్రి నిద్ర పట్టనిది తన గురించి కాదు, ఇక్కడున్న అమ్మానాన్నల గురించి. అన్న వాళ్ళ నాన్నగారు, అమ్మగారు ఊళ్ళో ఇద్దరే ఉండేవాళ్ళు. మా యూత్‌లో ఒక తమ్ముడు ప్రతి సోమవారం బైకు మీద వెళ్ళి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఇచ్చి, గ్యాస్ ఉందా లేదా చూసి, అక్కడ్నుంచే అన్నకి వీడియో కాల్ చేయించేవాడు. వాడికెవరూ కమిటీలో చోటివ్వలేదు, పేరు బులెటిన్‌లో వెయ్యలేదు. 2021 మే నెలలో నాన్నగారు పోయారు, కరోనా కాదు, గుండె. అన్నకి విమానం లేదు. భూస్థాపన ఈ తమ్ముడే ఫోన్ పట్టుకుని చూపించాడు, ఎండకి స్క్రీన్ కనపడక ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోను, సమాధుల తోటలో పదిహేను మంది కూడా లేరు. అన్న మధ్యలో ఒకసారి "అమ్మ ఎక్కడ నిలబడింది తమ్ముడూ, కుర్చీ వేశారా" అని అడిగాడు. వెయ్యలేదు. ఎవరో పరిగెత్తి తెచ్చారు. పది ఆరాధనల్లో మేము ఆయన కోసం చేసిన ప్రార్థనల కన్నా ఆ కుర్చీ అన్నకి గుర్తుండిపోయి ఉంటుందని నా నమ్మకం.

దేశం పేరు ఎందుకు రాయలేదంటే, లాక్‌డౌన్‌లో ఆరాధనలన్నీ యూట్యూబ్ లైవ్‌కి వెళ్ళిపోయాయి కదా. అంతకుముందు గుడిలో నాలుగు గోడల మధ్య "ఫలానా ఊళ్ళో ఫలానా బ్రదర్ ఇంతమందికి బాప్తిస్మం ఇచ్చారు" అని చెప్పుకునేవి ఇంటర్నెట్‌లో శాశ్వతంగా పడిపోయాయి. పక్కనున్న నేపాల్‌లోనే 2018లో అమల్లోకొచ్చిన క్రిమినల్ కోడ్ ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ళ దాకా జైలు. మన ఉత్సాహం అక్కడ వాళ్ళ వీసా మీదకి వస్తుంది. పైగా దాతలకి చూపించాలి ఫొటోలు పంపండి, వీడియో రిపోర్ట్ పంపండి అని ఆ కష్టంలో కూడా వెంటపడే సంఘాలున్నాయి, నాకు ఒళ్ళు మండేది దీనికే. కర్ఫ్యూలో ఇంట్లో పిల్లలతో కూర్చున్న మనిషి ఏం రిపోర్ట్ పంపుతాడండీ.

వెనక్కి రావాలా వద్దా అన్నది ఇంకో పెద్ద గొడవ. 2020 మే 7న, విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక మా పెద్దల్లో కొందరు "వచ్చేయమనండి" అన్నారు, ఇంకొందరు "సేవకుడు పొలం వదిలి రాకూడదు" అన్నారు, పొలం అంటే సేవ చేసే చోటు. ఏసీ గదిలో కూర్చుని ఈ రెండూ చెప్పడం తేలికే. నిర్ణయం వాళ్ళదే అయ్యుండాలి, మన పనల్లా టికెట్ డబ్బు, వచ్చాక క్వారంటైన్ ఖర్చు, ఆర్నెల్లు ఉండటానికి ఒక ఇల్లు, ఇవి సిద్ధంగా ఉంచడం. ఇంకోటి, సెలవు మీద వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన మిషనరీలు ఉన్నారు, వాళ్ళకి అక్కడ ఇంటి అద్దె నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ ఇంకో అద్దె, మనమేమో "ఇండియాలోనే ఉన్నారుగా" అని సపోర్ట్ సగం చేసేస్తాం. ఇదైతే మరీ దారుణం.

కరోనా పోయింది కదా అనుకోడానికి లేదు, 2022లో యుక్రెయిన్, 2023 ఏప్రిల్లో సూడాన్, రెండుసార్లూ మన ప్రభుత్వం ఆపరేషన్లు పెట్టి జనాన్ని తీసుకురావాల్సొచ్చింది. అందుకే మేము మిషన్ ఫండ్‌లో ఆరు నెలల అద్దె, నలుగురికి వన్‌వే టికెట్లు సరిపడా డబ్బు వేరే ఎఫ్‌డీలో పెడదామని ప్రతిపాదన పెట్టాం. ఒక పెద్దాయన "అంత డబ్బు బ్యాంకులో కూర్చోబెట్టి గుడికి సున్నం కొట్టించకపోతే ఎట్లా" అని అడ్డం పడ్డారు. ఆయన చెప్పేదాంట్లో కూడా పాయింటు ఉంది, పోయిన వానాకాలం బలిపీఠం వెనక గోడంతా చెమ్మ దిగింది. కోతపండగ తర్వాత మీటింగ్‌లో ఓటు పెడతామన్నారు.