రవిక కుట్లు విప్పించిన రోజు

1998లో నా పెళ్లికి కొన్న ధర్మవరం పట్టుచీరను నిన్న బీరువాలోంచి తీశాను. చీర ఎప్పటిలాగే ఒంటిమీద ఒదిగింది గానీ, రవిక మాత్రం మోచేతి పైనే ఆగిపోయింది. రెండు కాన్పులు, ఆ తరువాత వచ్చిన థైరాయిడ్, ఇప్పటి నలభై తొమ్మిదేళ్ల వయసు కలిసి నా ఒంటిని మార్చాయని తెలిసినా, అద్దం ముందు మనసు చివుక్కుమంది.

కడపలో మా వీధి చివర రవికలు కుట్టే అక్క పక్క కుట్లు విప్పి చూపించింది. నాటి దర్జీ లోపల వదిలిన అంగుళం గుడ్డ వెలుతురు తగలక కొన్ననాటి ముదురెరుపులోనే ఉంది. బయటి గుడ్డ వెలిసిపోయింది. ఆ మడత విప్పినా చాలలేదు కనుక, చంకల కింద అదే రంగు గుడ్డ అతికించమన్నాను. ఆ అతుకును దాచుకోవాలని నాకు అనిపించలేదు.

రోజువారీకి ఇకమీదట సిద్ధవటం దగ్గరి మాధవరంలో నేసే నూలు చీరలే కట్టుకుంటాను, ఎందుకంటే నలభై డిగ్రీలు దాటే మా ఎండల్లో పాలిస్టర్ ఒంటికి అంటుకుపోతుంది, నూలు చెమటను పీల్చుకుంటుంది. ముదురు రంగుల్లో సన్నగా కనిపిస్తామన్న మాట నమ్మి, నాకెంతో ఇష్టమైన పసుపును పదేళ్లు దూరం పెట్టాను. అది పొరపాటు. ఆదివారం మాధవరం వెళ్లి ఆ రంగు చీరే తెచ్చుకుంటాను.