పాత జెన్‌లో ఎస్టీమ్ 1.3 ఇంజిన్: పని ఎక్కడిదాకా వచ్చింది

కారు కార్బురేటర్ మారుతి జెన్. దించేది 993 సీసీ జీ10బీ. ఎక్కించేది ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) 1298 సీసీ, 16 వాల్వులది. రెండూ సుజుకి జీ సిరీస్‌వే కాబట్టి బోల్టుల దగ్గర ఇబ్బంది తక్కువ. కష్టమంతా యాక్సిళ్లు, పెట్రోలు లైను, వైరింగుతోనే.

కాగితాల పని ముందు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయకూడదు. సీసీ, ఇంజిన్ నంబరు రెండూ మారుతున్నాయి కాబట్టి ఆర్టీఓ అనుమతి చేతికొచ్చాకే స్పానర్ పట్టాలి.

గాజువాక ఆటోనగర్‌లో వెతికేటప్పుడు ఒట్టి ఇంజిన్ కొనొద్దు. గేర్‌బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), సెన్సార్లు, రేడియేటరు, కోయని హార్నెస్ (వైర్ల కట్ట) అన్నీ ఒకే కారువి కావాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటితే వదిలేయడమే మేలు.

స్ట్రోకు 61 మి.మీ. నుంచి 75.5కు పెరిగింది, అందుకే బ్లాకు ఎత్తు ఎక్కువ. ఇంజిన్‌ను తాత్కాలికంగా కూర్చోబెట్టి, ఎత్తుగా ఉన్న చోటల్లా గోధుమపిండి ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా దించి ఎత్తాం. బాగా నలిగిన ముద్ద మందం కొలిస్తే ఎంత సందు ఉందో తెలిసిపోతుంది. 15 మి.మీ. కన్నా తక్కువుంటే మౌంటింగ్ బ్రాకెట్ కిందికి దించాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ఊగుతుంది.

యాక్సిల్ లోపలి చివర ఎస్టీమ్ గేర్‌బాక్సుకి, బయటి చివర జెన్ హబ్‌కి సరిపోవాలి. పళ్లు లెక్కపెట్టి, పొడవు కొలిచి జత కలపండి. కొలత మాత్రం బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డప్పుడే తీయాలి. తర్వాత జాకీ మీద చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. షాఫ్టు పొడవైతే ట్రైపాడ్ (యాక్సిల్ లోపలి చివర కప్పులో జారే మూడు రోలర్ల జాయింటు) కప్పు అడుగుకు తగిలి గేర్‌బాక్సు బేరింగును తోస్తుంది. పొట్టిదైతే గుంతలో చక్రం దిగినప్పుడు ట్రైపాడ్ కప్పులోంచి జారిపోతుంది. ఇక్కడ ఒక పూట ఎక్కువైనా పర్వాలేదు. మౌంటింగ్ బోల్టులు వదులుగా బిగించి, ఇంజిన్‌ను చేత్తో ఊపి, అది తనంతట కుదురుకున్నాకే పూర్తిగా బిగించాలి.

కార్బురేటర్ పైపులు ఎంపీఎఫ్ఐ ఒత్తిడికి ఆగవు, చిట్లి వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతాయి. పాత మెకానికల్ పంపు కన్నా ఒత్తిడి దాదాపు పదింతలు. ట్యాంకులో పంపు ఉండే ఎంపీఎఫ్ఐ జెన్ ట్యాంకు, ఇంజెక్షన్ రకం హోసులు, రిటర్న్ లైను పడాల్సిందే.

విశాఖలో బండ్లను తినేది ఉప్పుగాలి. పాత ఎర్త్ తీగ పైకి బాగానే కనిపిస్తుంది, లగ్గు దగ్గర తొడుగు విప్పితే రాగి పచ్చబడి పొడిగా రాలుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే సెన్సార్ రీడింగులు తప్పుతాయి, ఐడిల్ పైకీ కిందికీ ఊగుతుంది. మంచి ఈసీయూలను పాడైపోయాయని మార్చేది చాలాసార్లు ఇందుకే. బ్లాకు నుంచి బాడీకి, బ్లాకు నుంచి బ్యాటరీకి కొత్త తీగలు వేసి, పెయింటు గీకి బిగించి, పైన గ్రీజు పూశాం. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కి, బ్లాకుకి మధ్య 0.2 వోల్టులు దాటకూడదు.

ప్రస్తుతం ఇంజిన్ స్టార్టవుతోంది, ఐడిల్ నిలకడగా ఉంది. ఎస్టీమ్ రేడియేటరులో గాలి తీసేశాం. సైలెన్సర్ పైపు స్టీరింగ్ ర్యాక్‌కు దగ్గరగా పోతోంది, దాన్ని వంచి వెల్డింగ్ చేయాలి. ఆ తర్వాత కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త డాట్ 3 బ్రేక్ ఆయిల్. అవి పడ్డాకే ఏసీ వేసి సింహాచలం ఘాట్ ఎక్కించి ఫ్యాన్ సమయానికి తిరుగుతోందో లేదో చూడాలి.