రికార్టన్ జంక్షన్ ఎన్ గేజ్: వంపులో మళ్లీ అదే గోల

రికార్టన్ జంక్షన్ స్టేషన్‌ని ఎన్ గేజ్‌లో, అంటే బాగా చిన్న సైజు మోడల్ రైలుగా కడుతున్నాను. ఐదు పెట్టెలతో ఏ3 ఇంజన్ (బ్రిటిష్ ఆవిరి ఇంజన్ నమూనా) మళ్లీ అక్కడే ఆగింది. ప్లాట్‌ఫారం దాటాక వచ్చే వంపులో, పట్టాలు పరిచిన రెండు చెక్క బోర్డులు కలిసే చోట. చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. చిరాకేసి స్విచ్ కట్టేశాను.

గ్రేడియంట్ (పట్టాల వాలు) తగ్గించెయ్యమంటున్నారు కొందరు. తగ్గిస్తే అది రికార్టనే కాదు. 1862లో స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో ఆ ఊరు పుట్టిందే రైల్వే వాళ్ల కోసం. అక్కడి నుంచి విట్రోప్ సొరంగం వైపు 75కి 1 ఎత్తు, అంటే 75 అడుగులు పోతే ఒక అడుగు లేస్తుంది. 1963 దాకా ఊరికి రోడ్డే లేదు, డాక్టర్ రావాలన్నా రైలే.

1200 మి.మీ. బోర్డుకి 16 మి.మీ. లేపాను. వానలకి ప్లైవుడ్ ఉబ్బినట్టుంది, అతుకు దగ్గర 150 మి.మీ.కి 2 ఉండాల్సింది 3.5 చూపించింది. అంటే దాదాపు 43కి 1! పాత విజిటింగ్ కార్డులు దూర్చి 2కి తెచ్చాను. అయినా జారుతోంది.

ఇంజన్‌కి దారం కట్టి, బల్ల అంచు మీదుగా నట్లు వేలాడదీశాను. సమతలం మీద 12 గ్రాములు లాగింది. పెట్టె 26 గ్రాములు, ఐదూ కలిపి 130. ఎత్తుకి కావాల్సింది రెండు గ్రాముల లోపే, ఇంజన్ సొంత బరువుకి ఇంకొకటి. పెట్టెల్ని విడివిడిగా చెక్క మీద పెట్టి వంచితే నాలుగు 40కి 1 దగ్గరే దొర్లాయి, ఒక్కటి మాత్రం 20కి 1 దాకా మొండికేసింది. ఆ చక్రాల రాపిడినీ లెక్కేసుకున్నా నాలుగైదు గ్రాముల బలం మిగలాలి. మరి అదెటు పోతోంది?

అతుకు మీద ఇంజన్ ఆపి నడిమి చక్రం కింద సిగరెట్ కాగితం పెట్టాను. లాగితే హాయిగా వచ్చేసింది! ఆ చక్రం గాల్లో వేలాడుతోంది. బహుశా ఎడమ పట్టా అర మిల్లీమీటరు లేచి, బోర్డు మెలి తిరిగింది. ఇంజన్‌లో సీసం పెంచితే సరిపోతుందనేవాళ్ల మాట నమ్మను, మోటారు వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. పట్టా పీకి, అతుకు మీద పెకో కోడ్ 55 (పెకో కంపెనీ మోడల్ పట్టా) ఒకే ముక్కగా వేసి, తర్వాత అతుకు దగ్గర కోస్తాను. ఎన్ గేజ్‌లో అంత గట్టి పట్టా నేను చూడలేదు.

ప్లాట్‌ఫారం మీది కోఆపరేటివ్ కొట్టు, టెలిఫోన్ బూత్ పూర్తయ్యాయి, బాగా కుదిరాయి.

ఇక మోడల్‌ని ఏ సంవత్సరం నాటిదిగా చూపించాలన్నదే తేలలేదు. రికార్టన్ నుంచి హెక్సమ్ ఊరికి పోయే బండి కావాలంటే, అది ఆగిపోయిన 1956 అక్టోబరుకి ముందుండాలి. 1969 జనవరి 5 రాత్రి ఈ దారిలో ఆఖరి స్లీపర్ రైలు లాగిన పీక్ రకం డీజిల్ ఇంజన్ మీదేమో మనసు పీకుతోంది. ముందు హెక్సమ్ లైనే వేస్తాను, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టాలు) ఎలాగూ కొనేశాను.