హైదరాబాదు గ్రానైటు రాళ్లతో మొక్కల అక్వేరియం: నా అనుభవం

మొక్కల అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు చేపలను ఎంచుకుని, తర్వాత మొక్కలు కొని, చివరగా మిగిలిన చోట నాలుగు రాళ్లు సర్దుతారు. నేను ఆ వరుసను తిరగేసి, ముందు రాయి, ఆ తర్వాత నీరు, ఆపైన మొక్క, అన్నిటికంటే చివర చేప అనుకున్నాను. హైదరాబాదులో ఉండేవారికి ఇదే సరైన క్రమమని ఇప్పుడు మరింత గట్టిగా నమ్ముతున్నాను. రాయిలో సున్నం ఉంటే నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు పెరుగుతుంది. ఆ నీటిని బట్టే ఏ మొక్క నిలుస్తుందో, ఏ చేప బతుకుతుందో తేలుతుంది.

దుకాణాల్లో అలంకరణ కోసం అమ్మే రాళ్లలో సున్నపు అంశం ఉన్నవి తక్కువేమీ కాదు. చూడముచ్చటగా తెల్లని చారలుండే బూడిదరంగు సెయిర్యూ రాయి కూడా నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది. మన నగరం నిలబడి ఉన్నదే సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు మీద. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసిన ఈ రాయి నీటిలో దాదాపు ఏమీ కరగనివ్వదు. ఇంత మంచి రాయి కాళ్ల కిందే ఉండగా ఎక్కడినుంచో తెప్పించుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. అయితే ఖాజాగూడ, దుర్గం చెరువు పరిసరాల్లో సహజంగా నిలిచిన బండల జోలికి ఎవరూ వెళ్లకూడదు. వాటిలో ఇప్పటికే ఎన్నో పోయాయి, మిగిలినవైనా మిగలాలి. మా కాలనీ చివర ఒక అపార్ట్‌మెంటుకు పునాది తవ్వి పక్కన పోసిన రాళ్ల కుప్ప ఉంటే, మేస్త్రీని అడిగి అందులోంచి కొన్ని ఏరుకున్నాను.

రాయిలో సున్నం ఉందో లేదో తేల్చే ఆసిడ్ పరీక్ష గురించి నేను చెప్పబోయేలోపే ఆయన, ‘‘ఈ రాయికి ఆసిడ్ పోసినా ఏం గాదు సార్, తాండూరు బండ మీద పోస్తేనే బుస్సుమని పొంగుతది’’ అన్నారు. తాండూరు, షాబాదు బండలు సున్నపురాళ్లు కాబట్టే వాటి మీద ఆసిడ్ పోసి కడిగితే నునుపు పోతుందని నేల పరిచే పనివారందరికీ తెలుసు. అయినా నేను చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, మేడ మీద ఆరుబయట, బాత్‌రూములు కడిగే ఆసిడ్‌ను ప్రతి రాయి మీదా రెండు మూడు చుక్కలు వేసి చూశాను. పోల్చి చూడడానికి ఒక షాబాదు బండ ముక్కను కూడా పక్కన పెట్టుకున్నాను. దాని మీద చుక్క పడగానే తెల్లని నురగ లేచి చిన్న చిన్న బుడగలు చిటపటలాడాయి. గ్రానైటు మీద మాత్రం ఆ చుక్క కదలకుండా తడిగా మెరుస్తూ ఉండిపోయింది. తర్వాత రాళ్లను బాగా కడిగి, గట్టి బ్రష్షుతో మట్టి వదిలేదాకా రుద్ది, వేడినీళ్లు పోశాను. రాళ్లను పొయ్యి మీద పెట్టి మరిగించమని కొందరు చెబుతారు కానీ, పగుళ్లలో చిక్కిన తేమ ఆవిరై రాయి పేలే ప్రమాదముంది కాబట్టి ఆ పద్ధతి నాకు నచ్చదు.

తొట్టి కొలత 60×30×36 సెంటీమీటర్లు, అంటే సుమారు 65 లీటర్లు. నీరు, రాళ్లు, మట్టి, గాజు కలిపితే బరువు క్వింటాలు దాకా వస్తుంది కాబట్టి బల్ల గట్టిగా, సమతలంగా ఉండడం ముఖ్యం. తొట్టి కింద ఒక థర్మాకోల్ షీటు వేశాను. లోపల పెద్ద రాళ్లు కూర్చునే చోట అడుగు గాజు మీద పలుచని ఫోమ్ ముక్కలు పరిచాను. రాళ్లను మట్టి మీద కాకుండా ముందుగా అడుగునే కూర్చోబెట్టి, తర్వాత చుట్టూ మట్టి పోయాలి. అప్పుడు చేపలు తవ్వినా అవి ఒరగవు. అమరికలో జపాను దేశస్థుడు తకాషి అమానో (1954–2015) ప్రచారంలోకి తెచ్చిన రాళ్ల శైలినే అనుసరించాను: బేసి సంఖ్యలో రాళ్లు, అన్నిటికంటే పెద్దది నట్టనడుమ కాకుండా ఒక పక్కకు. గ్రానైటు విషయంలో నేను గమనించినది ఒకటుంది. ఎండకూ వానకూ మాగిన ముఖం గోధుమరంగులో గరుకుగా, గుండ్రంగా ఉంటుంది. సుత్తిదెబ్బకు విరిగిన ముఖం తెల్లగా, పదునుగా ఉంటుంది. మాగిన ముఖాలన్నీ ముందుకూ, విరిగినవి వెనక్కూ తిప్పితేనే ఆ రాళ్లన్నీ ఒకే కొండవి అనిపిస్తాయి.

అడుగున జల్లించిన ఎర్రమట్టి, దాని మీద అంగుళం మందాన కడిగిన ముతక ఇసుక వేసి, ముందువైపు పల్లంగా, వెనుకవైపు ఎత్తుగా ఉంచాను. నదీ ఇసుకలో గవ్వల ముక్కలుంటాయి కాబట్టి దానికీ ఆసిడ్ పరీక్ష తప్పనిసరి.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది నీటి గురించే. ఊళ్లో చాలా ఇళ్లలో జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) ఇచ్చే నల్లా నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎంత కలిసిందో కుళాయి చూసి చెప్పలేం. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే మా బోరు నీళ్లు నల్లా నీళ్లకు మూడింతలకు పైగా చూపించాయి. అందువల్ల నల్లా వచ్చే రోజున నేరుగా బకెట్లలో పట్టి, క్లోరిన్ పోయేందుకు ఒక రోజంతా ఎయిర్ పంపు పెట్టి వదిలేసి, ఆ తర్వాతే వాడుతున్నాను. ఫిల్టరులో పెరగవలసిన బ్యాక్టీరియాను క్లోరిన్ చంపేస్తుంది కనుక ఈ ఓపిక వృథా కాదు.

మొక్కల్లో అనూబియాస్‌ను, జావా ఫెర్న్‌ను నూలు దారంతో రాళ్లకే కట్టాను. వీటికి అడ్డంగా పాకే దుంపలాంటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. వేళ్లు నెమ్మదిగా గ్రానైటు గరుకుతనాన్ని పట్టుకుంటాయి, ఈలోపు దారం దానంతటదే చివికిపోతుంది. వెనుక వల్లిస్‌నేరియా, రొటాలా, మధ్యలో క్రిప్టోకొరైన్ నాటాను. క్రిప్టోకొరైన్ ఆకులు కొత్త నీటిలో మెత్తబడి కరిగిపోవడం చూసి చాలామంది మొక్క చచ్చిందని పీకేస్తారు. వేరు బతికే ఉంటుంది, కొత్త ఆకులు వస్తాయి. కరిగిన ఆకులను మాత్రం తీసేస్తూ ఉండాలి. మొదట్లో రాళ్ల మీద పేరుకునే గోధుమరంగు పొర కొత్త తొట్టిలో మామూలే. దీపం రోజుకు ఆరేడు గంటలకు మించకుండా చూస్తే పచ్చని పాకుడు కూడా అదుపులో ఉంటుంది.

మొక్కలు నాటిన వెంటనే చేపలు వదలలేదు. కుళ్లే పదార్థం నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోదాన్ని మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. ఈ వ్యవస్థ కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగి, అక్కడే నిలిచాక జీబ్రా డానియోలను కొద్దికొద్దిగా వదిలాను. ఇవి మన దేశపు చేపలే, హుషారైనవి, తట్టుకునే శక్తి ఉన్నవి.

వేసవి సంగతి వేరు. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు తొట్టి నీరు కూడా 30 దాటుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి ఉపరితలం మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది కానీ, నీరు త్వరగా ఆవిరై లవణాలు మాత్రం తొట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే తగ్గిన మేరకు ఆర్‌ఓ నీటినే పోస్తున్నాను, వారానికోసారి మార్చే పావు వంతుకు మాత్రం నల్లా నీరు వాడుతున్నాను.

మొక్కలు బాగా పెరుగుతున్నాయి కాబట్టి కత్తిరింపులు ఎక్కువే వస్తున్నాయి. వాటిని మురుగుకాలువలోనో చెరువులోనో పారేయకూడదు. ఎక్కడినుంచో వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కమ్మేసిందో నగరవాసులందరం చూస్తూనే ఉన్నాం. నేను వాటిని మేడ మీద పూర్తిగా ఎండబెట్టి పూలకుండీల మట్టిలో కలుపుతున్నాను. ఎవరైనా అడిగితే మాత్రం నాలుగు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇస్తున్నాను.